నగరం నడిబొడ్డున కన్వెన్షన్ సెంటర్ కడితే ఆ ప్రాంతానికి కళ వస్తుందా?

చుట్టుపక్కల హోటళ్లకు గిరాకీ పెరుగుతుంది. వీధికి కళ రావడం మాత్రం ఆ భవనం కింది అంతస్తును ఎలా కట్టారన్న దానిమీద ఆధారపడుతుంది.

ఎగ్జిబిషన్ హాలుకు మధ్యలో స్తంభాలు అడ్డురాకూడదు, కిటికీలు పెద్దగా అక్కర్లేదు, సామాను లారీలు లోపలిదాకా రావాలి. అందుకే చాలాచోట్ల కొన్ని బ్లాకులను కలిపేసి, మధ్య వీధులను మూసేసి, చుట్టూ పొడవాటి గోడలు లేపుతారు. సదస్సు జరిగినన్నాళ్లూ జనమే జనం. లేని రోజుల్లో ఆ గోడ పక్కన నడవాలని ఎవరికీ అనిపించదు, ఎదురు దుకాణాలకూ బేరాలు ఉండవు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఇందుకు కొంత విరుగుడు కనిపిస్తుంది. 1993లో తెరిచిన పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్‌లో 1893 నాటి రీడింగ్ టెర్మినల్ అనే పాత స్టేషన్ రైలు షెడ్డును కూల్చకుండా కలుపుకున్నారు. దాని కిందున్న పాత మార్కెట్‌నూ నిలబెట్టారు. సదస్సులకు వచ్చినవాళ్లు భోజనానికి అక్కడికే దిగుతారు. ఊరివాళ్లు కూరగాయలు, చేపలు, మాంసం కోసం ఏడాది పొడవునా వస్తారు. ఆ ప్రాజెక్టులో అన్నిటికన్నా మంచి నిర్ణయం ఇదేనని నా అభిప్రాయం. అయితే పక్కనున్న చైనాటౌన్ ఈ నిర్మాణానికి కొంత స్థలం పోగొట్టుకుంది. 2011లో పూర్తయిన విస్తరణ కోసం బ్రాడ్ స్ట్రీట్ వైపు పాత భవనాలనూ కూల్చేశారు.

హైదరాబాద్‌లో 2006లో వచ్చిన హెచ్‌ఐసీసీ అనే కన్వెన్షన్ సెంటర్‌ను మాదాపూర్ వైపు కట్టారు కాబట్టి, నడిబొడ్డునున్న అబిడ్స్, కోఠిలకు ఆ నష్టమూ తగల్లేదు, లాభమూ అందలేదు.