కత్తెర ఏ పార్టీ, అయ్యోరా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజిలాండ్‌లో ఆక్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నేను మూడు నెలలు ఉండి వచ్చాను. ఆ దేశపు మొదటి పార్లమెంటు ఆక్లండ్‌లోనే కూర్చుందనీ, అప్పట్లో పార్టీలే లేవనీ మా కోడలు చెప్పింది. పార్టీలు లేకుండా ప్రభుత్వం ఎలా నడిచింది? మనకీ అలాగే ఉంటే రోజూ టీవీలో ఈ తిట్లు తప్పేవి కదా?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ కోడలు చెప్పింది నిజమేనమ్మా. 1854 మే 24న ఆక్లండ్‌లో కూర్చున్నారు. ఎన్నికైన సభ్యులు 37 మంది. వాళ్ళ కోసం హడావిడిగా లేపిన కట్టడాన్ని భవనం అనడానికి జనానికి నోరు రాలేదు. షెడ్డునీ భవనాన్నీ కలిపి ఒక వెక్కిరింపు పేరు పెట్టారు. అక్కడ మొదటి పార్టీ, లిబరల్ పార్టీ, 1891లో గానీ పుట్టలేదు. అంటే దాదాపు నలభై ఏళ్ళు ఎవరి జెండా వాళ్ళదే.

తిట్లు తప్పాయా అంటే, తప్పలేదు. మొదటి ఏడాదే, ఆగస్టులో, జేమ్స్ మెకే అనే సభ్యుడు నెత్తిన టోపీ తీయకుండా సభలోకి వచ్చాడు. అది తోపులాట దాకా పోయింది, గొడుగు కూడా లేచింది. ఇక మంత్రివర్గాల సంగతి. గవర్నరు స్థానంలో తాత్కాలికంగా ఉన్న విన్‌యార్డ్ దొర అదే నెలాఖరున ఫోర్సైత్ అనే వ్యాపారిని పిలిపించి మంత్రివర్గం కట్టమన్నాడు. ఈయన తరవాత సభలో నిలబడి, కబురు వచ్చినప్పుడు తాను కొట్లో పనిలో ఉన్నాననీ, ఇంటికెళ్ళి ఉతికిన చొక్కా వేసుకుని గవర్నరు బంగళాకి వెళ్ళాననీ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పాపం, నిజాయితీపరుడు. ఆ మంత్రివర్గం ఆగస్టు 31న వచ్చి సెప్టెంబరు 2న పోయింది. చరిత్రలో దాని పేరు 'ఉతికిన చొక్కా మంత్రివర్గం'గానే మిగిలింది. చొక్కా మాసేలోపే పదవి పోయిన మనిషిని నేను ఇంకెక్కడా వినలేదు.

కానీ మీరడిగిన దానికి అసలు జవాబు రెండో పార్లమెంటులో ఉంది. 1855 చివర్లో ఎన్నికలు జరిగి, 1856 ఏప్రిల్‌లో సభ మొదలైంది. సభ నమ్మకం ఉన్నవాళ్ళే మంత్రులుగా ఉండాలన్న పద్ధతి అప్పుడే వచ్చింది. మే 7న హెన్రీ స్యూవెల్ ప్రధాని అయ్యాడు. మే 20న దిగిపోయి విలియం ఫాక్స్ వచ్చాడు. జూన్ 2న ఫాక్స్ దిగిపోయి ఎడ్వర్డ్ స్టాఫర్డ్ వచ్చాడు. నెల తిరక్కముందే ముగ్గురు. మన దగ్గరైతే ఈ పాటికి రిసార్టులు బుక్ అయ్యేవి.

పార్టీలు లేవు కాబట్టే ఇలా అయిందని కొందరంటారు. నేనలా అనుకోను. అక్కడ పార్టీలు లేవు గానీ వర్గాలున్నాయి. దేశం ఆరు ప్రావిన్సులు: ఆక్లండ్, న్యూ ప్లిమత్, వెల్లింగ్టన్, నెల్సన్, కాంటర్‌బరీ, ఒటాగో. ఒక్కోదానికీ సొంత మండలి, సొంత పెద్ద. పేరుకి వ్యక్తిగా గెలిచిన సభ్యుడు నిజానికి తన ఊరి రేవుకీ, తన ఊరి భూముల డబ్బుకీ కాపలాగా వచ్చినవాడే. కేంద్రం గట్టిగా ఉండాలనేవాళ్ళు ఒక పక్క, ప్రావిన్సుల జోలికి రావద్దనేవాళ్ళు ఒక పక్క. ఇంకా కావాలంటే, రాజధాని మా ఊళ్ళో ఉండాలంటే మా ఊళ్ళో ఉండాలన్న గొడవ. అది 1865లో వెల్లింగ్టన్‌కి పోయింది. ఈ ముక్క చదివి మన రాష్ట్రం గుర్తొస్తే తప్పు నాది కాదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఒకసారి కందుకూరు పక్క పల్లెలో పంచాయతీ ఎన్నికల డ్యూటీ పడింది. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవని మీకు తెలుసు. బడి గేటుకి అవతల, గీత దాటాక, రోడ్డుకి ఇటొక షామియానా, అటొక షామియానా. ఇటు కత్తెర, అటు ఉంగరం. రెండు చోట్లా ఇడ్లీ పొట్లాలు. క్యూలో ఉన్న ఒక పెద్దాయన నన్నడిగాడు, "కత్తెర ఏ పార్టీ, అయ్యోరా?" అని. ఈ ఎన్నికల్లో పార్టీలు లేవు పెద్దాయనా అన్నాను. ఆయన ఆ షామియానాల వైపు గడ్డం ఎత్తి చూపిస్తా, "లేకపోతే ఆ రెండూ ఎట్టా లేచినాయ్ మరి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రెండు రోజుల తరవాత ఏ పార్టీ మద్దతుదారులు ఎన్ని ఊళ్ళు గెలిచారో పేపర్లే లెక్కేశాయి.

స్టాఫర్డ్ నిలబడ్డాడు ఎందుకంటే, ఆ షామియానాల సంగతి ఆయనకి తెలుసు. ఆయన నెల్సన్ ప్రావిన్సుకి పెద్దగా పనిచేసినవాడు. ప్రభుత్వ భూములు అమ్మిన డబ్బు ప్రావిన్సులకే వదిలేసే ఒప్పందం 1856లో కుదిరింది. దాంతో సగం గొంతులు సర్దుకున్నాయి. మన పెద్దలు 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు కోస్తా మీద సీమకున్న అనుమానం తీరడానికి ఇలాగే పంపకాలు రాసుకున్నారు. నీళ్ళలో రాయలసీమతో పాటు మన నెల్లూరుకీ ముందు వాటా అన్నది అందులోని మాటే. ముందు వాటాలు తేలాలి, తరవాతే ఐకమత్యం. స్టాఫర్డ్ ఆ దారిన పార్టీ అన్నది లేకుండానే 1861 జూలై దాకా ప్రధానిగా ఉన్నాడు. అయిదేళ్ళు! ఇప్పటి పార్టీ నాయకులకే కష్టం.

అయితే ఆ రెండో పార్లమెంటు మొత్తం మీద సభ కూర్చుంది మూడు సార్లే. 1856, 1858, 1860. మధ్యలో 1857, 1859 ఖాళీ. సముద్రం మీద ప్రయాణం, జీతాల్లేని సభ్యులు, ఇళ్ళ దగ్గర గొర్రెలు, వ్యాపారాలు. నాకు ఇబ్బందిగా అనిపించేది ఇక్కడే. వైటారా అనే చోట అక్కడి మూలవాసులైన మావోరీల భూమి కొనడానికి గవర్నరు గోర్ బ్రౌన్ సిద్ధమయ్యాడు. ఒకరు అమ్ముతామన్నారు, అక్కడి నాయకుడు విరేము కింగి వద్దన్నాడు. గవర్నరు వినలేదు. 1860 మార్చి 17న తుపాకులు పేలాయి. సభ మళ్ళీ కూర్చునేసరికి జూలై 30. మావోరీల వ్యవహారాలు మంత్రుల చేతిలో కాదు, గవర్నరు చేతిలోనే ఉండేవి. మావోరీలకి ఓటు లేదని చట్టంలో ఎక్కడా రాయలేదు. 50 పౌండ్ల విలువ చేసే సొంత భూమి గానీ, కౌలో అద్దో కట్టే ఆస్తి గానీ ఉన్న మగవాళ్ళకే ఓటు అని రాశారు, అంతే. మావోరీల భూమి తెగ మొత్తానిది, ఒకరి పేరున ఉండదు. కాబట్టి ఎవరి భూమి గురించి యుద్ధమో వాళ్ళలో దాదాపు ఎవరికీ ఓటు లేదు. వాళ్ళకంటూ నాలుగు సీట్లిస్తూ చట్టం వచ్చింది 1867లో.

అందుకని పార్టీలు లేకపోతే బాగుండన్న మీ మాటకి నేను తలాడించలేనమ్మా. పార్టీ ఉంటే కనీసం ఓడించాల్సింది ఎవరినో తెలుస్తుంది. వైటారా విషయంలో ఎవరిని నిలదీయాలి? గవర్నరునా, మంత్రినా, సభనా?

ప్రశ్న: అక్కడ పార్లమెంటు పదవీకాలం మూడేళ్ళా, అయిదేళ్ళా? ఒక పుస్తకంలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంది.
- పోటీ పరీక్షల అభ్యర్థి, ఒంగోలు

జవాబు: రెండు పుస్తకాలూ కరెక్టే. మొదట అయిదేళ్ళు. 1879లో చట్టం మార్చి మూడేళ్ళు చేశారు. టెన్షన్ పడకు బాబూ, ఇది నీ పరీక్షలో రాదు.

ప్రశ్న: అదే కాలంలో మన నెల్లూరు జిల్లాలో ఓట్లు ఉన్నాయా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఎక్కడివండీ. 1856లో మనం కంపెనీ పాలనలో ఉన్నాం. అప్పుడు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే, గుంటూరుకి వెళ్ళింది 1904లో. 1861 చట్టంతో మద్రాసులో వచ్చిన శాసనమండలి సభ్యులు గవర్నరు నియమించినవాళ్ళే. నెల్లూరు మునిసిపాలిటీ 1866లో వచ్చింది. పార్టీ పేరుతో మద్రాసులో మంత్రివర్గం ఏర్పడింది 1920 ఎన్నికల తరవాత, జస్టిస్ పార్టీది. మరుసటి ఏడాది మన తెలుగువాడు పానగల్ రాజా ఆ మంత్రివర్గానికి పెద్ద అయ్యాడు. 

ప్రశ్న: పార్టీలు లేని ఆ ఎన్నికల్లో ఓటు ఎలా వేసేవారు సార్?
- కనిగిరి నుంచి ఒక టీచరు

జవాబు: రహస్య ఓటు చట్టం అక్కడ 1870లో వచ్చింది. అంతకుముందు అధికారి ముందు నిలబడి, నాకు ఫలానా ఆయన కావాలని నోటితో చెప్పడమే. పక్కనున్నవాళ్ళంతా వినేవాళ్ళు. యజమాని, అప్పిచ్చినవాడు, అందరూ.

మీరూ ఎలక్షన్ డ్యూటీ చేసే ఉంటారు కాబట్టి చెప్తాను. నేను పైన చెప్పిన పల్లెలోనే మధ్యాహ్నం ఒక ముసలమ్మ అట్ట చాటుకి వెళ్ళి, గులాబీ రంగు బ్యాలెట్ మీద ముద్ర కొట్టి, మడత పెట్టకుండానే బయటికి వచ్చింది. "కత్తెర మీదనే గుద్దినా నాయనా, సరిగ్గా పడిందో లేదో చూడు" అని నా చేతికిచ్చింది. ఎదురు బెంచీ మీద ఏజెంట్లిద్దరూ ఒక్కసారే మెడలు సాచారు. నేను కళ్ళు మూసుకుని ఆ కాగితం ఆమె చేతిలోనే మడత పెట్టించి పెట్టెలో వేయించాను. ఉంగరం ఏజెంటు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.