ఎమ్‌ఎన్‌డీలో నిద్ర పట్టట్లేదంటే ముందు ఊపిరి చూపించండి

నాన్నగారికి ఎమ్‌ఎన్‌డీ (మోటార్ న్యూరాన్ డిసీజ్, కండరాలను కదిలించే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు), రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు, నిద్ర లేకే జబ్బు ముదురుతోందా, నిద్రమాత్ర వేయొచ్చా అని అడిగారు. మాత్ర సంగతి తర్వాత, ముందు ఊపిరి టెస్టులు చేయించండి. కొన్ని నిద్రమాత్రలు ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి, డాక్టర్‌ని అడక్కుండా వేయొద్దు.

మా బాబాయిది ఇదే జబ్బు. వెల్లకిలా పడుకున్న కాసేపటికే లేపి కూర్చోబెట్టమనేవారు, దిండు మీద దిండు చేరింది, చివరికి పడక్కుర్చీలోనే పడక. పొద్దున్నే తలనొప్పి, పిన్ని కాఫీ తాగిస్తుంటే మధ్యలోనే కునుకు. ఇవన్నీ చెప్పగానే న్యూరాలజిస్ట్ ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి పంపారు.

కాళ్లూ చేతుల్లాగే డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి లాగే ముఖ్యమైన కండరం) కూడా ఈ జబ్బులో బలహీనపడుతుంది. పడుకుంటే పొట్ట దాన్ని పైకి నెడుతుంది, పైగా కలలొచ్చే నిద్రలో ఊపిరికి సాయపడే మిగతా కండరాలు సడలిపోయి భారమంతా దాని మీదే పడుతుంది, అది లాగలేక కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే మాటిమాటికీ మెలకువ వచ్చేస్తుంది. పగలు ఆయాసం లేకపోయినా సరే. అంటే చాలాసార్లు నిద్ర చెడిందంటే జబ్బు ఊపిరి దాకా వచ్చిందని అర్థం.

ఎఫ్‌వీసీ (నిండా పీల్చి ఎంత గాలి బయటికి ఊదగలరో చూసే టెస్టు) కూర్చోబెట్టీ పడుకోబెట్టీ చేయమనండి, రక్తంలో గ్యాసులు, రాత్రంతా ఆక్సిజన్ రికార్డు కూడా. పగలు వేలికి మిషన్ పెట్టి చూస్తే ఆక్సిజన్ 97 వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. సొంతంగా ఆక్సిజన్ మిషన్ తెచ్చి పెట్టేయొద్దు, కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరగొచ్చు.

తేడా తెచ్చేది బైపాప్, అంటే మాస్కు ద్వారా గాలిని లోపలికి నెట్టి ఊపిరికి సాయం చేసే మిషన్. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో చేసి 2006లో ప్రచురించిన ట్రయల్‌లో, మాట, మింగుడు మరీ దెబ్బతినని వాళ్లు దీనితో మధ్యస్థంగా 205 రోజులు ఎక్కువ బతికారు. అవి బాగా దెబ్బతిన్నవాళ్లకి ఆయుష్షు పెద్దగా పెరగలేదు గానీ నిద్ర ఇబ్బందులు తగ్గాయి, నన్నడిగితే అదీ తక్కువేం కాదు.

అన్నిటికీ ఊపిరే కారణం కాదు లెండి. పిక్కలు పట్టేయడం, నోట్లో ఊరే లాలాజలం, దిగులు, అన్నిటికన్నా పక్కకి తిరగలేకపోవడం. మేం నడుం కింద పాత నూలుచీర మడతపెట్టి పరిచి, చెరోవైపు పట్టుకుని తిప్పేవాళ్లం.

మాస్కు మొదట పగలు టీవీ చూస్తుండగా కాసేపు పెట్టి అలవాటు చేయండి. రెండుమూడు రకాలు పెట్టి చూశాకే కొనండి. బాబాయికి గుబురు మీసం, పక్కలనుంచి గాలి పోయేది, మీసం తీయనంటే తీయనన్నారు, ఆఖరికి ముక్కురంధ్రాల దగ్గర అమరే చిన్నరకం కుదిరింది.