7.4, 9.4 కలిపితే 12

విశాఖపట్నం

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీకు కాలేజీలో పాఠం చెప్పడానికి సర్క్యూట్స్ సబ్జెక్టు ఇచ్చారని, సోమవారం నుంచే క్లాసులని, టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది.

నేను మాస్టారుగా చేరిన కొత్తలో బోర్డు నిండా కాంప్లెక్స్ నంబర్లు, అంటే జె అనే గుర్తున్న అంకెలు, రాసేసి, పాఠం చెప్పేశాననుకునేవాణ్ణి. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు లేచి, "సార్, ఈ జె మన ఇంట్లో ఏ వైర్లో ఉంటుందండీ?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. కూర్చోమన్నాను. జవాబు తెలియకే కూర్చోమన్నానని వాడికీ అర్థమైంది.

అందుకే చెబుతున్నా. డాబాగార్డెన్స్‌లో 2.5 మైక్రోఫారడ్ సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్ ఒకటి, ఒక కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి కొను. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ నా దగ్గరుంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. ఇంటి 230 వోల్టుల కరెంటు జోలికి మాత్రం పోకు. మన ఊరి ఉక్కలో పిల్లల చేతులు ఎప్పుడూ చెమటగానే ఉంటాయి. రెండింటినీ సిరీస్‌లో కలిపి, మీటర్ వాళ్ల చేతికే ఇవ్వు. రెసిస్టర్ దగ్గర సుమారు 7.4, కెపాసిటర్ దగ్గర 9.4 వస్తాయి. కూడితే 16.8! మనం ఇచ్చింది 12. "మీటర్ పాడైంది మేడమ్" అంటారు. నువ్వు వివరించకు, ఇంకో మీటర్ ఇవ్వు. విడి వోల్టేజీలు కలిపితే మనం ఇచ్చిందే రావాలన్న కిర్కాఫ్ సూత్రం తప్పా అని వాళ్లే అడగాలి.

అప్పుడు బోర్డు మీద 7.4ని అడ్డంగా గీసి, దాని చివర నుంచి 9.4ని నిలువుగా కిందికి గియ్యి. మొదలూ చివరా కలిపి స్కేలుతో కొలవమను. 12 వస్తుంది. కెపాసిటర్ వోల్టేజీ రెసిస్టర్ వోల్టేజీ కంటే పావు సైకిల్, అంటే మన 50 హెర్ట్జ్‌లో 5 మిల్లీసెకన్లు, వెనక నడుస్తోంది. మీటర్ ఎంతో చెబుతుంది, ఎప్పుడో చెప్పదు.

ఆ "ఎప్పుడు"ని లెక్కలోకి తెచ్చేదే జె. తొంభై డిగ్రీలు తిప్పమని దానర్థం. రెండుసార్లు తిప్పితే వెనక్కి తిరిగిపోతాం, అదే మైనస్ ఒకటి. కెపాసిటర్‌ది ఎదురు దిశలో తిప్పుడు గనుక మైనస్ జె. లెక్కల మాస్టార్ల ఐని మనం కరెంటుకి వాడేసుకున్నాం, అందుకని జె అన్నాం. ఏసీ లెక్కలకి ఈ పద్ధతిని స్టైన్‌మెట్జ్ అనే ఇంజినీరు 1893లో షికాగో సభలో వివరించాడని కూడా చెప్పు, పిల్లలకి కథలిష్టం.

సర్క్యూట్‌ని లెక్కగట్టే మెష్ (లూపుల వారీగా), నోడల్ (కలిసే చోట్ల వారీగా) పద్ధతుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దేంట్లో ఈక్వేషన్లు తక్కువో ముందు లెక్కపెట్టుకోమను, చాలు.

డిఫరెన్షియల్ ఈక్వేషన్లని మామూలు ఆల్జీబ్రాగా మార్చే లాప్లాస్ పట్టిక ఇచ్చే ముందు మాత్రం ఒక పీరియడ్ ఖర్చుపెట్టు. 9 వోల్టుల బ్యాటరీకి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ సిరీస్‌లో కలిపి, కెపాసిటర్ దగ్గర మీటర్ పెట్టు. ఒకడు టైం చూస్తాడు, ఇంకొకడు రీడింగ్ అరుస్తాడు: 10 సెకన్లకి 5.7, 20కి 7.8, 30కి 8.6. నిండేకొద్దీ నెమ్మదిస్తోందని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటనే బోర్డు మీద డిఫరెన్షియల్ ఈక్వేషన్‌గా రాయి. ఈ కెపాసిటర్‌కి ప్లస్, మైనస్ ఉంటాయి, జాగ్రత్త. తిరగేసి పెడితే పాడవుతుంది, ఉబ్బి పేలనూవచ్చు.

మీ మామయ్య