పాఠకుల ప్రశ్నలు: పురికొస అడుగు, గుడ్డ జోళ్లు

ప్రశ్న: ఎస్పడ్రిల్స్ అనే స్పెయిన్ జోళ్ల అడుగు జనపనార జడతో చేస్తారట. మా దగ్గర గోగునార దొరుకుతుంది. ఇంట్లో చేసుకోవచ్చా? పైన పొందూరు ఖద్దరు వేస్తే నిలుస్తుందా? (ఒక పాఠకురాలు, బొబ్బిలి)

జవాబు: నిక్షేపంలా చేసుకోవచ్చు. అక్కడ వీటిని అల్పర్గాతా అంటారు. మొదట్లో అడుగుకి వాడింది ఎస్పార్టో అనే గడ్డి. దక్షిణ స్పెయిన్‌లోని గ్రనడా దగ్గరి ఒక గుహలో ఆ గడ్డితో అల్లిన 6,000 ఏళ్ల నాటి చెప్పులు దొరికాయి. జనపనార తర్వాత వచ్చింది. గోగునార దానికంటే గరుకు, కాస్త బిరుసు. అందుకే కాలు ఆనే చోట లోపల మెత్తటి గుడ్డ అతికించాలి.

3 మి.మీ. పురికొస తీసుకోండి. కిరసనాయిలు వాసన కొడితే వద్దు. మిల్లులో నార మెత్తబడడానికి పట్టించే నూనె అది, తెల్లగుడ్డకి మరకలు దిగుతాయి. పాయకి మూడేసి పోగులు పెట్టి మూడు పాయల జడ బిగుతుగా అల్లండి. అల్లేటప్పుడు మూడో వంతు పొడవు తగ్గుతుంది. ఒక్కో అడుగుకి 3 మీటర్ల జడ కావాలంటే పోగులు 4.5 మీటర్లు ఉండాలి.

జడను పడుకోబెట్టి చుట్టకూడదు, అంచు మీద నిలబెట్టి చుట్టాలి. అప్పుడే అడుగు మందంగా వస్తుంది. నడుమ మొదటి వరస ఎంత పొడవుండాలో లెక్కుంది: అడుగు పొడవులోంచి వెడల్పు తీసేయండి. 24 సెం.మీ. పొడవు, 9 వెడల్పు అయితే 15. అక్కడ మడిచి చుట్టూ తిప్పుకుంటూ పోతే నాలుగు వైపులా సమంగా పెరుగుతుంది. వేళ్ల దగ్గర వెడల్పు చాలకపోతే ఆ భాగంలో మాత్రం జడను వెనక్కి మడిచి అర వరస చేర్చండి.

ఇక కుట్టు. గోనెసంచులు కుట్టే దబ్బనంతో ఒక పక్క అంచులో గుచ్చి, వరసలన్నీ దాటించి, అవతలి అంచులో తీయాలి. ఒకటిన్నర, రెండు సెం.మీ.లకి ఒక కుట్టు. పని చెడేది ఇక్కడే. మరీ లాగితే అడుగు దోనెలా వంగిపోతుంది, వదులైతే నాలుగు రోజులకే వరసలు విడిపోతాయి. రెండు కుట్లకోసారి బల్ల మీద పెట్టి చదును చూసుకోండి. అయ్యాక ఒక రాత్రి సన్నికల్లు కింద ఉంచండి.

పొందూరు గుడ్డ ఒక్కటే అయితే వేళ్ల దగ్గర చిరిగిపోతుంది, అంత సన్నం అది. లోపల మందపాటి కాన్వాసు, పైన పొందూరు ఖద్దరు కలిపి కుడితే ఆ నేత అందమూ కనిపిస్తుంది, బలమూ ఉంటుంది. ఈ గుడ్డని అడుగు అంచుకి మైనం పట్టించిన నూలుదారంతో, వేళ్ల కొసన నడిమధ్య మొదలుపెట్టి, రెండు పక్కలకీ కాజా కుట్టు వేసుకుంటూ వెళ్లండి. ఒక పక్కనుంచి మొదలుపెడితే ముక్కు మెలి తిరుగుతుంది.

ప్రశ్న: నా ఎస్పడ్రిల్స్ కళింగపట్నం తీరంలో తడిశాయి. తెల్లగుడ్డకి గోధుమరంగు చార వచ్చింది. ఉతకవచ్చా? (శ్రీకాకుళం)

జవాబు: బకెట్లో నానబెట్టొద్దు, మెషిన్‌లో అసలే వద్దు. ఆ చార మట్టి కాదు, నారలోని రంగు నీటితో పాటు గుడ్డలోకి ఎక్కింది. మళ్లీ తడిపితే మళ్లీ ఎక్కుతుంది. గ్లాసు నీళ్లలో చెంచా నిమ్మరసం కలిపి, మెత్తటి బ్రష్‌తో చారమీద మాత్రమే అద్ది, పొడిగుడ్డతో పీల్చండి. తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. లోపల పాత పేపర్లు కుక్కి, పక్కకి వాల్చి, నీడలో గాలికి పెట్టండి. అడుగు నేలకి ఆనితే నడుమ తడి ఆరక బూజు పడుతుంది. ఎండలో పెడితే నార పెళుసెక్కి పొట్టు రాలుతుంది. కింద పలచటి రబ్బరు ఉన్నా అది నేల తడినే ఆపుతుంది, పక్కలనుంచి వచ్చే నీటిని కాదు. మన దగ్గర వీటికి కాలం మార్చి నుంచి తొలకరి దాకానే.

ప్రశ్న: రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది ఎడమ, ఏది కుడి? (విజయనగరం)

జవాబు: సంప్రదాయంగా చేసినవాటికి ఎడమ కుడి ఉండవు. మొదటి వారం ఏ కాలికి ఏది తొడిగితే అది ఆ కాలి ఆకారానికి దిగుతుంది. అందుకని లోపల బాల్‌పెన్‌తో గుర్తు పెట్టుకుని, మార్చకుండా తొడగండి. కొనేటప్పుడు వేళ్లు కొసకి తగిలేంత బిగువే సరైన సైజు, గుడ్డ సాగుతుంది. మడమ మాత్రం జడ దాటి వెనక్కి రాకూడదు.