ఏది నొక్కితే ఏది పోతుందోనని భయం

ప్రశ్న: అంబాజీపేటలో కొబ్బరి కొట్టులో ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నానండి. మొన్న మాకు కంప్యూటర్‌లో గళ్లలో లెక్కలు రాసుకునే గూగుల్ షీట్స్ మీద మూడ్రోజులు ట్రైనింగ్ ఇచ్చారు, కుర్రాళ్లు టకటకా చేసేస్తుంటే నాకేమో ఏది నొక్కితే ఏది పోతుందోనని చెయ్యి వణికిపోయింది. ఈ వయసులో వస్తుందంటారా?
– ఓ పాఠకురాలు

జవాబు: తప్పకుండా వస్తుందమ్మా. మా ఆఫీసు ట్రైనింగ్‌లో నాదీ అదే భయం, రెండో రోజు ఒక వరసంతా చెరిగిపోయి గుండె ఆగినంత పనైంది, పక్కనున్నమ్మాయి కంట్రోల్, జెడ్ కలిపి నొక్కమంది, నొక్కగానే అంకెలన్నీ మళ్లీ వచ్చేశాయి. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ అని కూడా ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూసి పాతది వెనక్కి తెచ్చుకోవచ్చు. పుస్తకం మీద నీళ్లు ఒలికితే ఆ పేజీ పోయినట్టే కదా, ఇక్కడ ఆ బెంగ లేదు.

అసలు మూడ్రోజుల్లో అన్నీ చెప్పేసి వదిలేయడం నాకు నచ్చదు, చేతికి అలవాటవ్వాలి. అదే ఫైల్ మెనూలో మేక్ ఎ కాపీ నొక్కి ఆ కాపీలో పచ్చికాయ ఒక గడిలో, కురిడీ (ఎండుకాయ) ఒక గడిలో వేసుకుంటూ రోజూ ఓ పావుగంట కూర్చోండి. సమ్ ఫార్ములా తప్పు గళ్లు కూడినా అది తనంతట తాను చెప్పదు, టోటల్ తేడాగా ఉందని పట్టుకునే కన్ను మీకుంది, ఆ కుర్రాళ్లకి అదింకా రాలేదు.