వందేళ్ళ ఊరికి చరిత్ర ఏముంటుందని అడిగారు కదా

“కెనడా ప్రెయిరీల్లో పల్లెటూళ్ళు ఎలా ఉంటాయి? నిన్నమొన్న పుట్టిన ఊళ్ళకి చరిత్ర అంటూ ఏముంటుంది?” అన్న ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. నేను ఆ ప్రెయిరీ గడ్డి మైదానాల్లోనే, సస్కాచెవాన్ రాష్ట్రంలోని స్విఫ్ట్ కరెంట్ అనే ఊళ్ళో ఉంటాను. నాలుగో నంబరు హైవే మీద దక్షిణంగా గంటకు పైగా వెళ్తే వాల్ మరీ అనే ఊరు వస్తుంది. జనాభా ఓ వంద, కాస్త అటూ ఇటూ. ఆ ఊరి గురించే చెప్తాను.

1910 ప్రాంతంలో ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలు వచ్చి ఫ్రెంచ్‌మన్ నది పక్కన ఇళ్ళు కట్టుకున్నాయి. అప్పట్లో 10 డాలర్లు కడితే ప్రభుత్వం 160 ఎకరాలు రాసిచ్చేది, అక్కడే కాపురముండి దున్నాలన్నది షరతు. అంతకు ముందు అది ఖాళీ నేల అనుకోకండి. అక్కడి ఆదివాసుల టిపీ గుడారాల అంచుల మీద పెట్టిన రాళ్ళు ఆ గడ్డిలో వలయాలుగా ఇప్పటికీ ఉన్నాయి. బైసన్ (అడవి దున్నల్లాంటి జంతువులు) మందల్ని తుడిచిపెట్టి, వాటి మీద బతికిన ఆ జనాన్ని వాళ్ళకని ప్రభుత్వం కేటాయించిన రిజర్వులకు తోలాకే ఈ నేల పంపకానికి వచ్చింది. తర్వాత పెద్ద రాంచ్‌లు, అంటే పశువుల్ని మేపే పెద్ద క్షేత్రాలు వచ్చాయి. 1906-07 చలికాలం వాటి పశువుల్ని ఊడ్చేసింది. ఆ తర్వాతే రైతులు. ఇంత జరిగిన చోటికి చరిత్ర లేదంటే నేను ఒప్పుకోను.

ఊళ్ళో చూడాల్సింది చెక్కతో కట్టిన ధాన్యం ఎలివేటర్, అంటే రైతుల ధాన్యాన్ని పైకెత్తి నిలవ చేసి రైలుకెక్కించే ఎత్తైన గాదె. 1920ల నాటిది. గుర్రపు బండి మీద గోధుమలు తెచ్చి దించి, పొద్దుగూకేలోపు రైతు ఇల్లు చేరాలి కాబట్టి రైలు దారి పొడవునా ఏడెనిమిది మైళ్ళకొకటి కట్టారు. దాని చుట్టూ దుకాణం, చర్చి, బడి వెలిశాయి. సస్కాచెవాన్ మొత్తంలో ఒకప్పుడు మూడు వేలకు పైగా ఉండేవి. 1995లో ధాన్యం రవాణా రాయితీ ఎత్తేశాక చిన్న రైలు దారులు మూతపడటం ఇంకా పెరిగింది, ఎలివేటర్లు వరసగా కూల్చేశారు. ఎలివేటర్ పోతే దుకాణం పోయింది, పిల్లలు తగ్గి బడి పోయింది. జనం సోమరులై ఊళ్ళు వదిలేశారనే వాళ్ళకి ఈ వరస తెలియదు. వాల్ మరీ వాళ్ళు తమ ఎలివేటర్‌ని పట్టుబట్టి నిలుపుకున్నారు.

ఆ వైపే ఒక ఊరి హాల్లో ఫౌల్ సప్పర్‌కి వెళ్ళాను. కోతలయ్యాక ఊరంతా కలిసి పెట్టే భోజనాలు అవి. టర్కీ మాంసం, బంగాళదుంప ముద్ద, ఇళ్ళ దగ్గర చేసి తెచ్చిన తీపి ‘పై’లు. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన నాది ఇండియా అని తెలియగానే ఫోర్కు కింద పెట్టి, “మా పప్పుల మీద పన్ను ఎందుకేశారు?” అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే. 2017 చివర్లో మన ప్రభుత్వం బఠాణీల మీద 50 శాతం, మసూర్ పప్పు మీద 30 శాతం సుంకం వేసింది. ఆయన ఆ ఏడాది పండించిందంతా మసూరే. ధర పడిపోయి సరుకు గాదెల్లోనే ఉండిపోయిందట.

మా నాన్నది ప్రకాశం జిల్లాలో కంది చేను. బయటి పప్పు ఓడల్లో దిగితే మన కందికి ధర ఉండదని చిన్నప్పటి నుంచీ ఇంట్లో వింటూ పెరిగాను. అదే ఆయనకి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా నాన్నకి ఎన్నెకరాలు, వాన ఎంత, కూలి ఎంత అని ఒక్కొక్కటే అడిగాడు. నాలుగెకరాలు అంటే రెండోసారి అడిగి మరీ నిర్ధారించుకున్నాడు. ఆయనది నాలుగు వేల పైచిలుకు. అయినా బ్యాంకు అప్పు గురించి మాట్లాడుతుంటే అచ్చం మా నాన్న మాటలే. 1970లకు ముందు ఈ నేలలో మసూర్ సాగు దాదాపు లేదు. సస్కాచెవాన్ యూనివర్సిటీలో ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త 1978లో ‘లెయిర్డ్’ రకం తెచ్చాక ఊపందుకుంది. మీ ఇంట్లో ఎర్రపప్పు వండితే అది ఇలాంటి పొలం నుంచి వచ్చి ఉండొచ్చు.

ఇంకో మాట. ఈ మధ్య యూట్యూబ్‌లో మనవాళ్ళే డ్రోన్ ఎగరేసి, భయం మ్యూజిక్ పెట్టి ‘దెయ్యాల ఊరు’ అని వీడియోలు చేస్తున్నారు. ఆ కిటికీల వెనకాల మనుషులున్నారు. దయచేసి అలా చేయకండి. ఐస్ హాకీలో పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్‌ని ఆటగాడిగా ఆరుసార్లు గెలిచిన బ్రయాన్ ట్రాటియే పుట్టింది వాల్ మరీలోనే, స్కేటింగ్ నేర్చుకుంది గడ్డకట్టిన ఫ్రెంచ్‌మన్ నది మీదే. పక్కనున్న గ్రాస్‌లాండ్స్ నేషనల్ పార్కుకి 2005లో 71 బైసన్లను తెచ్చి వదిలారు, ఇప్పుడు మంద బాగా పెరిగింది.

వెళ్ళేవాళ్ళు జూన్‌లో వెళ్ళండి, గడ్డి పచ్చగా ఉంటుంది. పెట్రోలు స్విఫ్ట్ కరెంట్‌లోనే నింపుకోండి. వాన పడితే మట్టి రోడ్లెక్కొద్దు, ఆ జిగట మట్టి మన రేగడి లాంటిదే, చక్రాల్ని వదలదు. అదే శరదృతువులో వెళ్తే, దారిలో ఏ ఊరి హాలు ముందైనా ఫౌల్ సప్పర్ బోర్డు కనిపిస్తే తప్పకుండా ఆగి టికెట్ కొనండి. ఆ డబ్బుతోనే వాళ్ళు హాలు కరెంటు బిల్లు కడతారు.