సామోస్ వెళ్తే కొండ లోపల కూడా చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు గ్రీసు దీవుల గురించే. పది రోజుల్లో ఐదు దీవులు చుట్టేయాలని ఉందని రాసినవాళ్లే ఎక్కువ. ఒక్క దీవిని నింపాదిగా చూడమన్నదే వారందరికీ నా సలహా. ఆ ఒక్కటీ ఏదని అడిగితే సామోస్ అంటాను. ఈజియన్ సముద్రంలో తూర్పు అంచున, తుర్కియే (టర్కీ) నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. జలసంధి ఇరుకైన చోట రెండు కిలోమీటర్లు కూడా లేదు. అందుకే ఈ సంచికలో సామోస్ ప్రశ్నలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పైథాగరస్ పుట్టిన దీవి చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఆయనకు సంబంధించినవి అక్కడ ఏమైనా మిగిలాయా?

టీచరు గారూ, ఉన్న మాట చెబుతాను. ఆయన ఇల్లు లేదు, రాత లేదు, సమాధీ లేదు. ఆయన క్రీ.పూ. 530 ప్రాంతంలో దీవి వదిలి దక్షిణ ఇటలీలోని క్రోటన్‌కు వెళ్లిపోయారు. రేవుపట్నానికి పైథాగోరియో అన్న పేరు 1955లో పెట్టారు. రేవు గట్టున లంబకోణ త్రిభుజంతో కలిపి నిలబెట్టిన ఆయన విగ్రహం 1988 నాటిది. కెర్కిస్ పర్వతం మీద ఆయన తలదాచుకున్నారని చెప్పే గుహ ఒకటి ఉంది గాని, అది స్థానికుల నమ్మకం.

అయినా మీరు తప్పకుండా వెళ్లాలి. ఆయన కాలపు జ్యామితిని రాతిలో చూడాలంటే ఆ ఊరి వెనక కొండలోకి వెళ్లాలి. దాన్ని యుపాలినోస్ సొరంగం అంటారు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో, కొండకు ఆవల ఉన్న ఊటనీటిని పట్నంలోకి తేవడానికి మెగారా అనే గ్రీకు పట్నం నుంచి వచ్చిన ఇంజినీరు యుపాలినోస్ దీన్ని తవ్వించాడు. పొడవు 1,036 మీటర్లు. ఉలి, సుత్తి తప్ప మరో ఆధారం లేని రోజుల్లో, సున్నపురాతి కొండను రెండు వైపుల నుంచి ఒకేసారి తొలుచుకుంటూ వచ్చి లోపల కలిశారు.

కాలువలకు లెవెళ్లు తీస్తూ బతికినదాన్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. రెండు వైపుల నుంచి తవ్వడంలో రెండు భయాలుంటాయి. ఒకటి ఎత్తు తేడా రావడం, రెండోది పక్కపక్కనే దాటిపోవడం. మొదటి భయాన్ని సొరంగం నేలను దాదాపు సమమట్టంగా ఉంచి తగ్గించుకున్నాడు. రెండోది మరీ కష్టం. ఉత్తరం నుంచి వచ్చేవాళ్లకు మెత్తటి రాయి, నీరు తగిలి సూటి దారి తప్పించాల్సి వచ్చింది. ఎంత తప్పించారో, మళ్లీ అసలు గీతకు ఎక్కడ చేరాలో లెక్క కట్టుకోవాలి. కొండ లోపల దిక్కు చూపేది ఏదీ ఉండదు. చివరికి కలిసే చోటు దగ్గరపడ్డాక సూటిగా పోకుండా దారిని వంచారు. రెండు గీతలు సమాంతరంగా సాగితే ఎప్పటికీ కలవవు, ఒకటి వంగితే మరొకదాన్ని కోసుకు తీరాలి కదా. మీరు నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీసి చూపించారో ఆ సూత్రమే ఇది. లోపల ఆ వంపు దగ్గర నిలబడినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మనం నడిచేది మనుషుల దారి. నీరు పారింది దాని పక్కన లోతుగా తవ్విన కందకంలో, మట్టిగొట్టాల్లో. సొరంగం మట్టంగా ఉంది, నీటికేమో వాలు కావాలి. అందుకని ఆ కందకం ఉత్తరం కొసన నాలుగు మీటర్ల లోతుతో మొదలై, దక్షిణం కొసకు వచ్చేసరికి ఎనిమిది మీటర్లు దాటుతుంది. ఇనుప జాలీ మీద నిలబడి కిందికి చూస్తే ఆ లోతు తెలుస్తుంది. గోడ మీద ఉలి దెబ్బలు ఏటవాలు గీతలుగా ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. అక్కడక్కడ ఎర్ర రంగుతో వేసిన కొలత గుర్తులూ కనిపిస్తాయి. ఈ ఏర్పాటు వెయ్యేళ్లకు పైగా ఊరికి నీళ్లిచ్చింది. గ్రీకులందరిలోనూ గొప్పవైన మూడు నిర్మాణాలు సామోస్‌లో ఉన్నాయని రాసిన ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, వాటిలో మొదట చెప్పింది దీని గురించే. మిగతా రెండూ రేవులోని అడ్డుకట్ట, గ్రీకు దేవత హేరా ఆలయం.

ప్రశ్న: మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇరుకు చోట్లంటే భయం. ఆమెను సొరంగంలోకి తీసుకెళ్లవచ్చా?

వద్దమ్మా, బలవంతం చేయకండి. దక్షిణ ద్వారం దగ్గర మెట్లు నిటారుగా ఉంటాయి. ఆ వెంటనే రాళ్లు పేర్చి కట్టిన నడవా ఒకటి వస్తుంది, అందులో ఒక మనిషి తర్వాత ఒక మనిషి వెళ్లాల్సిందే. భుజాలు గోడలకు రాసుకుంటాయి. ఆ కాస్త దాటితే విశాలంగానే ఉంటుంది గాని, భయమున్నవారికి ఆ కాస్తే చాలు. సందర్శకులను జట్లుగా, గైడు వెంట, తలకు హెల్మెట్ పెట్టి పంపుతారు కాబట్టి నడిమధ్యలో వెనక్కి తిరగడం అంత తేలిక కాదు. మీరు లోపలికి వెళ్లి వచ్చేదాకా అమ్మగారిని అదే కొండ మీద ఉన్న పనాగియా స్పిలియాని మఠం ఆవరణలో కూర్చోబెట్టండి. గుహలోని గుడికి దిగడానికి అక్కడా మెట్లున్నాయి, అవి ఆమెకు వద్దు. ఆవరణ నుంచి రేవంతా, అవతల తుర్కియే కొండలూ కనిపిస్తాయి. టాక్సీ మఠం దాకా వెళ్తుంది.

ప్రశ్న: హేరా ఆలయంలో మిగిలింది ఒక్క స్తంభమేనట. దానికోసం పనిగట్టుకుని వెళ్లాలా? మా స్నేహితులు పావుగంటలో చూసి వచ్చేశారు.

ముందు కథ తెలుసుకోకుండా వెళ్తే పావుగంట కూడా ఎక్కువే అనిపిస్తుంది. అది శిథిలాల తప్పు కాదు. పైథాగోరియోకు పడమట ఆరేడు కిలోమీటర్ల దూరంలో, ఇంబ్రాసోస్ వాగు సముద్రంలో కలిసే పల్లపు నేలలో ఉంటుంది హెరాయియోన్, అంటే హేరా ఆలయం ఉన్న చోటు. అక్కడి లైగోస్ చెట్టు కింద హేరా పుట్టిందని సామోస్ ప్రజల నమ్మకం. లైగోస్ అంటే మన వావిలి జాతిదే. ఆ చెట్టు అక్కడ ఉందన్న ఒకే ఒక్క కారణంతో, భారీ కట్టడానికి ఏమాత్రం పనికిరాని చిత్తడి నేలలో గుడి కట్టారు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో రొయికోస్, థియొడొరోస్ అనే వాస్తుశిల్పులు లేపిన మహాలయం ఎన్నో ఏళ్లు నిలవలేదు. తర్వాత నియంత పోలిక్రటీస్ కాలంలో కాస్త పడమటికి జరిపి, అంతకంటే పెద్దది మొదలుపెట్టారు. స్తంభాలు నూట యాభైకి పైగా, పొడవు నూరు మీటర్లకు మించి. క్రీ.పూ. 522లో పోలిక్రటీస్‌ను పర్షియన్ అధికారి చంపించాడు. శతాబ్దాల తరబడి పని సాగినా ఆలయం మాత్రం పూర్తి కాలేదు.

మీ స్నేహితులు చూసిన ఆ ఒక్క స్తంభం అసలు ఎత్తులో దాదాపు సగమే. దగ్గరికి వెళ్లి చూడండి. రాతి చక్రాలు ఒకదాని మీద ఒకటి కుదురుగా లేవు, అటూ ఇటూ జరిగి ఉన్నాయి. చుట్టూ పడి ఉన్న దిమ్మెలను వంగి చూడండి. వాటి చుట్టూ అడ్డంగా, సన్నగా, సమానమైన ఎడంతో గాళ్లు చెక్కి ఉంటాయి. లేత్ మీద తిప్పినంత నునుపు. గుడి రాళ్లను తర్వాతి తరాలు ఇతర కట్టడాలకు మోసుకుపోయాయి. ఈ ఒక్క స్తంభాన్ని మాత్రం ఓడలవాళ్లకు గుర్తుగా వదిలేశారని చెబుతారు.

అక్కడ దారిపక్కన కనిపించే, గెనెలెయోస్ అనే శిల్పి చెక్కిన విగ్రహాలు నకళ్లు. అసలువి చాలావరకు వథీ పట్నంలోని పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. 1980లో బయటపడిన, దాదాపు ఐదు మీటర్ల ఎత్తున్న పాలరాతి యువకుడి విగ్రహం కూడా అక్కడే. సమర్పించినవాడి పేరు ఇస్కేస్ అని తొడ మీద చెక్కి ఉంటుంది. ఈజిప్టు నుంచీ బాబిలోనియా నుంచీ వచ్చిన మొక్కుబడి వస్తువులను కూడా ఆ మ్యూజియంలోనే చూడాలి. ఆ చిత్తడి నేలకు ఎంత దూరం నుంచి భక్తులు వచ్చేవారో అప్పుడు తెలుస్తుంది. తెరిచి ఉంచే రోజులు కాలాన్ని బట్టి మారతాయి, ముందే చూసుకోండి.

ప్రశ్న: పైథాగోరియోలో ఉండాలా, కొక్కరిలోనా?

శిథిలాల కోసం వెళ్లేవారు పైథాగోరియోలో ఉండాలి. సొరంగం నడక దూరం, విమానాశ్రయం పక్కనే, హెరాయియోన్ దగ్గర. సాయంత్రం రేవు గట్టున నడుస్తున్నప్పుడు మీ కాలి కింద ఉన్నది పోలిక్రటీస్ కాలపు అడ్డుకట్ట మీద కట్టిన గట్టేనని గుర్తుంచుకోండి. ఉత్తర తీరంలోని కొక్కరి అందమైన జాలరి పల్లె. సముద్రంలోకి చొచ్చుకెళ్లిన రాతి కొమ్ములు, గులకరాళ్ల తీరం, వెనక ద్రాక్షతోటలు. జులై, ఆగస్టుల్లో అక్కడ మెల్టెమి అనే వేసవి ఉత్తరపు గాలి గట్టిగా కొడుతుంది. ఈత కొట్టేవారికి ఇబ్బంది, తెరచాప పలకల ఆటగాళ్లకు పండుగ. హెరాయియోన్ పక్కనే ఇరెయో అనే చిన్న ఊరుంది, మధ్యాహ్న భోజనానికి అక్కడికి వెళ్లండి. నన్నడిగితే మే చివర గాని, సెప్టెంబరులో గాని వెళ్లాలి. చలికాలంలో తీరపు ఊళ్లలో చాలా హోటళ్లు మూసేస్తారు.

ప్రశ్న: మేము శాకాహారులం. ఏం తినాలి?

బెంగ అక్కర్లేదు. టమాటా రసంలో బేక్ చేసిన పెద్ద చిక్కుడు గింజలు గిగాంటెస్, పప్పు ముద్ద లాంటి ఫావా, పాలకూర పొరల స్పనకోపిటా, ఉడికించిన ఆకుకూరలు ఖోర్టా దాదాపు ప్రతి టావెర్నాలో, అంటే అక్కడి భోజనశాలలో దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: ‘నిస్టీసిమో’ అని రాసి ఉంటే చర్చి ఉపవాసానికి పనికొచ్చే వంట అని అర్థం. అందులో మాంసం, పాలు ఉండవు గాని, ఆక్టోపస్, రొయ్యలు ఉండవచ్చు. ఆ మాట చూసి శాకాహారమే అనుకోకండి, అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: సామోస్ నుంచి పడవలో ఒక్కరోజు తుర్కియే వెళ్లి ఎఫెసస్ చూసి రావచ్చా? మాది భారత పాస్‌పోర్టు.

పడవలు తుర్కియే రేవుపట్నం కుషదాసికి వెళ్తాయి, అక్కడి నుంచి ప్రాచీన నగర శిథిలాలున్న ఎఫెసస్ దగ్గరే. పడవ టికెట్టు దొరికింది కదా అని మాత్రం ఎక్కేయకండి. రేవు దాటగానే మీరు షెంగెన్ ప్రాంతం (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాలు) నుంచి బయటికి వెళ్లినట్టే. మీ షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చినదైతే సాయంత్రం తిరిగి సామోస్‌లో అడుగుపెట్టనివ్వరు, మీ సామాను మాత్రం పైథాగోరియో హోటల్లో ఉండిపోతుంది. దరఖాస్తులోనే బహుళ ప్రవేశం కోరండి, తుర్కియే వీసా విడిగా తీసుకోండి. చేతికి వచ్చాక వీసా స్టిక్కరు మీద ఎన్ని ప్రవేశాలని రాసి ఉందో చదివి, ఆ తర్వాతే పడవ టికెట్టు కొనండి.